చప్పుడు చేయని ఫ్యాను

నాగరిక సమాజంలో ప్రతి ఇంట్లోనూ పనికిరాని వస్తువు ఒకటి ఉండి తీరాలి. అది రాత్రింబవళ్లు పనిచేస్తూ కూడా ఉంటే ఆ ఇల్లు అభివృద్ధి చెందినట్లు లెక్క.

ఆ లెక్కన ఈ ఇల్లు ఎనిమిది నెలల కిందటే అభివృద్ధి చెందింది. ఇంటాయన డిజిటల్ నాణేలు తవ్వే యంత్రం ఒకటి తెచ్చి, హాల్లో భార్య బల్ల పక్కనే పెట్టాడు. దాన్ని చల్లబరిచే ఫ్యాను ఒకటే రొద. తవ్వకం ఎంతవరకు వచ్చిందో ఫోన్లో చూసుకోవచ్చు. ‘చెల్లింపుకు కావలసిన కనీస మొత్తం ఇంకా చేరలేదు’ అని అది ఎనిమిది నెలలుగా చెబుతోంది. (మాట మీద నిలబడేవి ఈ రోజుల్లో అరుదు.)

భార్యది ఇంటినుంచే ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఒకాయన తన గోడు మధ్యలో ఆపి, “పిండిమరలో కూర్చుని మాట్లాడుతున్నావా అమ్మా?” అని అడిగాడు. చప్పుడు గురించి మరొక్క మాట వినబడితే ఉద్యోగం ఉండదని పైఅధికారిణి మర్యాదగానే చెప్పింది. ఇంటి అద్దె కట్టేది ఆ ఉద్యోగమే. యంత్రం తాగే కరెంటుకు కట్టేదీ అదే.

ఇంటాయన విషయాన్ని తీవ్రంగా పరిగణించి గృహ నిశ్శబ్ద సంఘాన్ని స్థాపించాడు. చప్పుడు చేయని ఫ్యానును ఎంపిక చేయడం దాని ఆశయం. అధ్యక్షుడూ కార్యదర్శీ ఆయనే. భార్య బాధితురాలు కాబట్టి నిష్పాక్షికంగా ఉండలేదని సభ్యత్వం ఇవ్వలేదు. ఆమె అత్తగారికి చెవుడు కాబట్టి పరిశీలకురాలిగా తీసుకున్నారు.

నిబంధనల ప్రకారం, శబ్దం కొలిచే వేళ ఇంట్లో ఎవరూ మాట్లాడరాదు, కుక్కరు కూయరాదు. కొలతలు రోజుకు ఏడుసార్లు. ఏడుసార్లూ భార్య మెట్ల మీద, పైవాటా వాళ్ల చెప్పులు పక్కకు జరుపుకుని ఫిర్యాదులు వింది.

మొదటి ఫ్యాను ఈల వేసింది. రెండోది గురకపెట్టింది. తిప్పి పంపాలంటే, దాని చప్పుడును నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేసి దరఖాస్తుకు జతపరచాలన్నారు అమ్మినవాళ్లు. (అలాంటి గది ఉన్నవాళ్లకు ఈ ఫ్యాను దేనికో దరఖాస్తులో అడగలేదు.)

“పోనీ, కొన్నాళ్లు యంత్రాన్ని ఆపెయ్యకూడదా?” అందామె.

“ఆపితే ఎంత నష్టమో తెలుసా నీకు?”

తెలియదంది. ఆయనకూ తెలియదు కాబట్టి చర్చ ముగిసింది.

మూడో ఫ్యాను బిగించిన అరగంటకు హాల్లో గోడ గడియారం వినబడింది.

“ఫ్యానంటే ఇదీ,” అన్నాడు.

“ముందు కూడా ఇలాగే ఉండేదిరా,” అన్నారు పరిశీలకురాలు.

భార్య తన బల్ల దగ్గరినుంచి చూసింది. వేరే ప్లగ్గు మీద నడిచే ఆ ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది. యంత్రం మీది పచ్చదీపం కాసేపు ఎర్రబడి, ఆరిపోయింది. వేడి తట్టుకోలేక తవ్వకం తనంతట తానే ఆగిపోయింది. ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని తర్వాతి ఫిర్యాదు అందుకుంది.

నెల తిరిగింది. ఆమె ఉద్యోగానికి ఇక ఢోకా లేదని పైఅధికారిణి చెప్పింది. ఇంటాయన ఫ్యానుకు ఐదు నక్షత్రాలిచ్చాడు. రోజూ పొద్దున్నే ఫోను తెరిచి చూసుకుంటున్నాడు. చెల్లింపుకు కావలసిన కనీస మొత్తం ఇంకా చేరలేదు. యంత్రం ఎప్పటిలాగే పనిచేస్తోందని ఆయనకు నిశ్చింత.