నార్సింగిలో మంచుదీవులు

ఎండాకాలం రాగానే ఏసీలు కొనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఇంటికి ఒక మంచుదీవి పేరు పెట్టుకుంటే సరిపోదూ!

నమ్మరా? అయితే నార్సింగిలో మా గేటెడ్ కమ్యూనిటీకి రండి. మాకు నాలుగు టవర్లు, నాలుగూ ధ్రువాల వైపు దీవులే. స్వాల్‌బార్డ్, కెర్గులెన్, ఫ్రాంజ్ జోసెఫ్, బూవే. నేను బూవేలో పదకొండో అంతస్తు. బయట నలభై మూడు డిగ్రీలున్నా, "మేం బూవేలో ఉంటామండీ" అని ఫోన్‌లో చెబుతుంటే వీపు మీద చెమట దానంతటదే ఆరిపోతుంది! ఏసీ ఏదో అలవాటు కొద్దీ వేసుకుంటాం.

పేర్ల కమిటీ కార్యదర్శిని నేనే కాబట్టి భూగోళం కాస్త తిరగేశాను. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి తన పేరున్న దీవుల్లో ఒక్కసారైనా కాలు పెట్టలేదట. అందులో తప్పేముంది? మా బిల్డర్ కూడా భూమిపూజ తర్వాత మళ్లీ కనబడలేదు.

బూవే కథ ఇంకా గొప్పది. 1739లో ఒక ఫ్రెంచి నావికుడు దాన్ని పొగమంచులో చూసి, మ్యాపులో తప్పుచోట గుర్తుపెట్టి, తన దారిన తాను పోయాడు. తర్వాత అరవై తొమ్మిదేళ్ల దాకా అది ఎవరికీ దొరకలేదు! మా బూవే ఆ సంప్రదాయాన్ని నిలబెడుతోంది. నన్ను రాయదుర్గంలో ఆఫీసుకు తీసుకెళ్లడానికి వచ్చిన క్యాబ్ డ్రైవర్ రవీందర్ మొదటిరోజు ఫోన్ చేశాడు.

"సార్, లొకేషన్ చెరువుల సూపెడుతుంది. ఏ టవరు?"

"బూవే."

"గదేంది సార్?"

"కిష్టమ్మ బండ పక్కన."

"గట్ల చెప్పుండ్రి మరి! వస్తున్న."

మా ఆవరణలో మేం పేరు మార్చనిది ఆ బండ ఒక్కటే. టవర్లు లేవకముందు ఇక్కడ కిష్టమ్మ వాళ్ల చేను ఉండేది. ఆ బండ మీదే ఆమె మక్కలు ఎండబోసేది. ఆమె కొడుకు బాలనర్సయ్య ఇప్పుడు మా తోటమాలి. కొడుక్కి మధ్యాహ్నం సద్ది తెచ్చి ఆమె ఇప్పటికీ ఆ బండ మీదే కూర్చుంటుంది.

కానీ ఇంత నాగరికమైన చోట ఒక బండ ఊరికే పడి ఉండటమేమిటి? దాన్ని పగలగొట్టించి పిల్లలకు పెంగ్విన్ పార్క్ కట్టాలని ఆదివారం మీటింగ్ పెట్టాం. బాలనర్సయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, పేరు మీకు నచ్చింది పెట్టుకోండ్రి. జర బండను మాత్రం ఉండనియ్యుండ్రి. మా అమ్మ యాడ కూసుంటది?"

అధ్యక్షురాలు జయలక్ష్మి గారు ఓపిగ్గా వివరించారు. "పార్కులో బెంచీలు వేయిస్తున్నామండి. రెసిడెంట్స్ ఎవరైనా కూర్చోవచ్చు."

బూవే దీవికి పేరు పెట్టినవాళ్లకు ఈ తలనొప్పి లేదు. అక్కడ అడగడానికి మనుషులే లేరు. ఇక్కడ ఉన్నారు, తలుపు దగ్గరే నిలబడ్డారు. అయినా మేం ఎంత చక్కగా పని పూర్తిచేశాం! ఓటింగ్‌లో నేనూ చెయ్యెత్తాను. బాలనర్సయ్య వైపు చూడకుండా ఎత్తాను.

ఆ బూవే అన్నేళ్లకైనా మళ్లీ దొరికిందంటే, అది కదలకుండా అక్కడే ఉంది కాబట్టి. బండ పోయాక ఇక రవీందర్‌కు నేనేం గుర్తు చెప్పాలి?

బండ పగలగొట్టే మిషను వాళ్లు ఇందాక గేటు బయట నుంచి ఫోన్ చేశారు. బూవే ఎక్కడో తెలియక అరగంటగా తిరుగుతున్నారట.

"కిష్టమ్మ బండ దగ్గరికి వచ్చేయండి" అన్నాను. రెండు నిమిషాల్లో వచ్చేశారు.