కన్నీరు పెట్టిన స్ఫటికం

ఆ రోజు ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. అలమరలో ఉన్న నూట పన్నెండు రాళ్లకూ స్నానం చేయించి, తుడిచి, తొమ్మిదిన్నరకల్లా రికార్డు గదిలో తన కుర్చీలో కూర్చోవాలి. స్నానం అని నేను ఎగతాళికి అనడం లేదు. రాళ్లు ఏరే పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు గానీ, వాటిని రోజూ బ్రష్షుతో తోమి కడిగే మహానుభావుణ్ణి నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

మూడో అరలో చెయ్యి పెట్టేసరికి తడి తగిలింది. అక్కడుంది పెద్దాయన రాయి. పెద్దాయన అంటే రాళ్ల విషయంలో గుమాస్తాకు గురువు. పోయి రెండు నెలలైంది. వారం క్రితం ఆయన భార్య కూతురింటికి బయల్దేరుతూ, కొబ్బరికాయంత తెల్లటి రాయిని తెచ్చి గుమాస్తా చేతుల్లో పెట్టింది.

"మీ బాబాయిగారికి ఇదంటే ప్రాణం నాయనా. నెల తిరిగేసరికి వస్తాను. నువ్వు రాళ్లని బాగా చూసుకుంటావట కదా," అంది.

రాయికి అంటించిన చీటీ మీద గురువుగారి దస్తూరీలో 'స్ఫటికం' అని ఉంది. గురువు రాసిన చీటీని అనుమానించే ధైర్యం గుమాస్తాకు కలలో కూడా లేదు.

"ఏవండీ, ఆ రాయి ఏడుస్తోంది," అంది వెనక నుంచి ఇల్లాలు.

"రాళ్లు ఏడవడమేంటే?"

"మరి అదేంటి?"

బయట నాలుగు రోజులుగా ముసురు. గదిలో పట్టపగలే చీకటిగా ఉంది. రాయి మీద ఒక చుక్క ఊరి, నెమ్మదిగా జారి, అంచు దగ్గర కాసేపు ఆగి, టప్పున కింద పడింది. ఆ వెనకే ఇంకొకటి ఊరింది.

గుమాస్తాకు తెలిసిన వైద్యం ఒక్కటే. కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగాడు. మర్నాడు మళ్లీ ఏడ్చింది, మళ్లీ కడిగాడు. మూడోరోజుకి అర మీద తెల్లటి చారలు కట్టాయి. చీటీ ఊడి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా పుస్తకంలో దాచి, పైపు కారుతోందేమో చూడమని ప్లంబరుని పిలిపించాడు.

ప్లంబరు గోడకి చెవి ఆనించి విన్నాడు. "ఈ గోడలో అసలు పైపే లేదు సార్."

"మరి ఈ తడెక్కడిది?"

ప్లంబరు రాయి వంక చూశాడు. సరిగ్గా అప్పుడే ఒక చుక్క పడింది.

"ఇదెవరిది సార్?"

"పోయినాయనది."

ప్లంబరు సంచీ సర్దుకుని, కూలి మాటైనా ఎత్తకుండా మెట్లు దిగిపోయాడు. ఇల్లాలికి రాయి ఏడ్చినప్పుడు వేసిన భయం కంటే, ప్లంబరు డబ్బులు అడగనప్పుడు వేసిన భయం ఎక్కువ.

ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చుక్క పడిన చప్పుడు వంటింట్లోకి వినిపించేది. ఇల్లాలు అలమరకి వీపు పెట్టి నడవడం మానేసింది. పైగా రాయి చిక్కిపోతోంది. గుమాస్తా త్రాసులో తూచి చూస్తే సగానికి సగం తగ్గింది.

"ఆయన మీద బెంగ పెట్టుకుందండీ," అంది ఇల్లాలు.

"నోర్ముయ్. రాయికి బెంగేంటి?" అని కసిరాడు. మర్నాడు కడుగుతూ, "పిన్నిగారు వచ్చేస్తారు, కాస్త ఓర్చుకోండి," అన్నాడు. రాయిని 'మీరు' అంటున్నానని గ్రహించి ఆయనకే ఒళ్లు జలదరించింది.

నెల నిండబోయే సరికి అది నిమ్మకాయంతైంది. "దాహమేమోనండీ, పాపం," అంది ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ. గుమాస్తాకు అంతకంటే మంచి ఆలోచన తోచలేదు. బకెట్ నిండా నీళ్లు పట్టి, రాయిని మెల్లగా అందులో దించి పడుకున్నాడు.

పొద్దున్న చూస్తే బకెట్లో నీళ్లే ఉన్నాయి. తేటగా, అడుగు కనిపించేలా. గుమాస్తా మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు. ఏమీ తగల్లేదు.

"తలుపు గడియ వేసినట్టే ఉందండీ," అంది ఇల్లాలు, పాలిపోయిన ముఖంతో. "ఆయనే వచ్చి తీసుకుపోయారు."

ఇంతలో గంట మోగింది. ఇద్దరూ కెవ్వుమన్నారు. గుమ్మంలో చేతిసంచీతో పెద్దావిడ నిలబడి ఉంది.

మొగుడి గుర్తని నమ్మి అప్పగించిన మనిషికి ఏమని చెప్తాడు? గుమాస్తా లోపలికి పరుగెత్తి, పదకొండేళ్లు కొండలన్నీ గాలిస్తే దొరికిన తన సొంత స్ఫటికాన్ని తీశాడు. అదంటే ఆయనకు కన్నబిడ్డ కంటే ఎక్కువ. కళ్లు మూసుకుని దానికి గురువుగారి చీటీ అంటించి, తెచ్చి ఇచ్చాడు.

పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుక బయటపెట్టి, కింది నుంచి పైదాకా నాకింది.

"ఇది అది కాదు," అంది పెద్దావిడ.

గుమాస్తా ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "క్షమించండి పిన్నిగారూ. రోజూ కడిగాను. అయినా ఏడ్చి ఏడ్చి మాయమైపోయింది."

"పూర్తిగానా?"

"ఆవగింజంత కూడా మిగల్లేదు."

"హమ్మయ్య!" అని పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. "అది ఉప్పురాయి నాయనా. డాక్టరు ఉప్పు మానమన్న రోజు నుంచీ, నాకు తెలియకుండా దాన్ని నాకి నాకి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. నా కళ్లు కప్పడానికే ఆ చీటీ. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. కానీ ఆయన ముట్టుకున్నదాన్ని నా చేత్తో నేను పారేయలేకపోయాను. నువ్వు రోజూ రాళ్లు కడుగుతావని ఆయనే నవ్వుతూ చెప్పేవారు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నీకు పుణ్యముంటుంది."

గుమాస్తాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మెల్లగా తన స్ఫటికం వైపు చెయ్యి చాపాడు. పెద్దావిడ అప్పటికే దాన్ని సంచీలో వేసుకుంది.

"ఇంత ప్రేమగా ఇచ్చావు, కాదంటే బాగుండదు. మా వీధి తలుపు గాలికి ఒకటే కొట్టుకుంటోంది, అడ్డం పెట్టుకుంటాను."

గుమాస్తా నోరు తెరిచాడు. "తీసుకెళ్లండి పిన్నిగారూ," అంది ఇల్లాలు గబగబా, "కిటికీలకి కూడా కావాలేమో చూడండి."

ఇప్పటికీ ఆ వీధిలో ఎంత గాలి వీచినా ఆ ఒక్క తలుపు మాత్రం కదలదు.