పన్నెండో ఆటగాడి పట్టా

ఒక పెద్ద అడవిలో, పెద్దదని ఆ అడవివాళ్ళే చెప్పుకునేవారు లెండి, ఒక కర్రాబిళ్ళ జట్టు ఉండేది. అడవి పేరు తుమ్మలవాగు. జట్టు పేరు తుమ్మలవాగు సింహాలు. జట్టులో సింహం ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే తుమ్మలవాగు జంతువు కూడా ఒక్కటీ లేదు. పదకొండు మందినీ పదకొండు చోట్ల నుంచి జీతాలకి తెచ్చారు. కెప్టెన్ ఒంటె. నిరుటిదాకా అది పక్కనున్న ఇప్పగుట్ట అడవి తరఫున ఆడి తుమ్మలవాగుని చితక్కొట్టింది. నిరుడు దాన్ని తిట్టిన నోళ్ళే ఈ ఏడు జేజేలు కొట్టాయి.

ఆట అందరికీ తెలిసిందే. కర్రతో బిళ్ళని లేపి కొట్టాలి. కంచె దాటితే పది పాయింట్లు. గాల్లో ఉండగా అవతలి జట్టువాడు పట్టుకుంటే కొట్టినవాడు అవుట్. ఇంత తేలికైన ఆటలో పంతొమ్మిదేళ్ళు వరసగా కప్పు పోగొట్టుకోవడం అంత తేలిక కాదు. తుమ్మలవాగు సింహాలు అది సాధించాయి.

ఆ జట్టుకి ఒక వీరాభిమాని ఉన్నాడు. ముళ్ళపంది, పేరు ఏకాంబరం. పెళ్ళిపీటల మీద తాళి కట్టబోతూ కూడా పక్కకి తిరిగి "మనవాళ్ళు ఎంత కొట్టారు?" అని అడిగిన ఘనుడు. అడవిలో మిగిలినవాళ్ళకి ఒక పద్ధతుండేది. జట్టు గెలిస్తే "మనం గెలిచాం" అనేవారు, ఓడితే "వాళ్ళు ఓడిపోయారు" అనేవారు. పక్క పొదలో ఉండే కుందేలు సూరిబాబు ఈ పద్ధతిలో ఆరితేరినవాడు. ఏకాంబరానికి ఆ తెలివి లేదు. ఓడినా "మనం ఓడిపోయాం" అనే అనేవాడు. అని, రెండు రోజులు అన్నం మానేసేవాడు.

అతనికింకో నమ్మకం ఉంది. తను చూస్తూ ఉంటే మనవాళ్ళు ఓడిపోతారని. పదేళ్ళ కిందట ఒకసారి తుమ్మొచ్చి తల తిప్పేసరికి మనవాడు కొట్టిన బిళ్ళ కంచె దాటింది. అంతే. ఆనాటి నుంచి ఆట బిగువెక్కినప్పుడల్లా మైదానానికి వీపు తిప్పి, కంచెకి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడేవాడు. ఆ విధంగా పదేళ్ళలో చూడదగ్గ దెబ్బ ఒక్కటీ చూడలేదు.

"చూడని ఆటకి తెల్లారేసరికి పోయి చోటు పట్టుకోవడం దేనికయ్యా?" అనేది భార్య చుక్కమ్మ.

"నీకు తెలీదే. నేను చూడకపోబట్టే ఈ మాత్రమైనా ఆడుతున్నారు."

జట్టు యజమాని దుమ్ములగొండి ధనుంజయరావు గారు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. సభల్లో అది చాలా పనికొచ్చేది. పంతొమ్మిదో ఓటమి తర్వాత కంచె చుట్టూ జనం పలచబడ్డారు. ఎండలకి మైదానంలో గడ్డి మాడిపోయింది. గడ్డి మాడితే ఒంటెగారి కాళ్ళు నొప్పి పెడతాయట. ఎడారిలో పుట్టిన ఒంటె!

ధనుంజయరావు గారు సభ పెట్టారు.

"సోదరులారా! ఇది నా జట్టు కాదు. మన జట్టు! మీరు చూసేవాళ్ళు కాదు, ఆడేవాళ్ళు! మైదానంలో పదకొండు మందే కనిపిస్తారు. పన్నెండో ఆటగాడు ఎవరు? నువ్వు! నువ్వు! అదిగో, ఆ చివర ముళ్ళు లేపుకుని నిలబడ్డ నువ్వు!"

ఏకాంబరానికి ఒళ్ళంతా పులకరించి ఉన్న ముళ్ళన్నీ లేచాయి. పక్కన నిలబడ్డవాళ్ళు కెవ్వుమన్నారు.

పథకం ఏమిటంటే, వాగులో ఎవరి పొద్దుటి నీళ్ళ వంతు వాళ్ళు మైదానానికి వదిలెయ్యాలి. బదులుగా టేకాకు మీద ఒక పట్టా ఇస్తారు. దాని మీద ఇలా ఉంటుంది: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ పట్టాదారుడు తుమ్మలవాగు సింహాలు అను మన జట్టునందు పన్నెండవ ఆటగాడు." కింద ధనుంజయరావు గారి పంజా ముద్ర.

"ఇంకొక్క మాట," అన్నారాయన గొంతు గద్గదం చేసుకుని. "ఈ ఏడు కూడా కప్పు రాకపోతే, గుండె రాయి చేసుకుని జట్టుని వేరే అడవికి తీసుకుపోవాల్సి వస్తుంది."

ఏకాంబరం గుండె ఆగినంత పనైంది. జట్టు లేని తుమ్మలవాగులో తనకింక ఏముంటుంది? ఎవరికోసం తెల్లారుతుంది? పట్టాల వరసలో మొదట నిలబడింది అతనే.

"మన వంతు ఇచ్చేసొచ్చావా? పిల్లలకి నీళ్ళెక్కడివి?" అంది చుక్కమ్మ.

"లోయలో చెలమ ఉందిగా."

"రానూ పోనూ పొద్దెక్కుతుంది. ఎవరు తెస్తారు?"

ఏకాంబరం తన టేకాకు వైపు చూసుకున్నాడు. ఆటగాళ్ళు నీళ్ళు మోస్తారా? చుక్కమ్మే మోసింది, ఏడాది పొడుగునా. మైదానం పచ్చగా అయింది, అడవి ఎండింది.

ఆ ఏడు సింహాలు ఫైనల్‌కి వచ్చాయి. సెమీస్‌లో అవతలి జట్టు మొత్తానికి విరేచనాలు పట్టుకున్నాయి. దాన్నే తుమ్మలవాగులో పట్టుదల అన్నారు.

ఫైనల్లో ప్రత్యర్థి ఇప్పగుట్ట ఏనుగులు. వాళ్ళ జట్టులో మాత్రం నిజంగానే ఏనుగులున్నాయి. అంపైరు గుడ్లగూబ. పగటిపూట కళ్ళు కనిపించని గుడ్లగూబని అంపైరుగా పెట్టుకోవడంలో ఒక సౌకర్యముంది, ఓడిన ప్రతివాడికీ చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఆట చివరికొచ్చింది. ఒక్క బిళ్ళ మిగిలింది. అది కంచె దాటితే కప్పు ఇప్పగుట్టది. లేకపోతే తుమ్మలవాగుది. కొట్టేది వాళ్ళ కెప్టెన్ గజరాజు.

ఏకాంబరం వెంటనే మైదానానికి వీపు తిప్పేశాడు. కళ్ళు మూసుకుని ఇరవై మంది దేవుళ్ళకి మొక్కాడు. ఆ ఉద్వేగానికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని కంచె మీదుగా మైదానంలోకి చొచ్చుకుపోయాయి.

ఠప్పుమంది దెబ్బ. బిళ్ళ గాల్లోకి లేచింది. కంచె దిక్కుగా, ఏకాంబరం దిక్కుగా వచ్చింది. వచ్చి అతని వీపు మీది ముళ్ళలో కసుక్కున దిగబడి అక్కడే ఉండిపోయింది.

అడవంతా గప్‌చిప్.

"ఏమైంది? గెలిచామా?" అన్నాడు ఏకాంబరం కళ్ళు తెరవకుండానే.

"బిళ్ళ ఏది? ఎక్కడ పడింది?" అన్నాడు గుడ్లగూబ తడుముకుంటూ.

సంగతి చెప్పారు. గుడ్లగూబ నియమాల పుస్తకం తెప్పించి, ఇంకొకరి చేత చదివించుకుని, ఇలా చెప్పాడు. "బిళ్ళ కంచె దాటలేదు. నేలా తాకలేదు. పట్టినవాడు ప్రేక్షకుడైతే, అడ్డుపడ్డాడు కనక దాటినట్టే లెక్క. ఆటగాడైతే అవుట్. ఇతను ఎవరు?"

ధనుంజయరావు గారు ఒక్క గెంతు గెంతారు.

"ఆటగాడే! మనవాడే అండీ! మన పన్నెండో ఆటగాడు! ఏకాంబరం, ఏదీ నీ పట్టా?"

ఏకాంబరం ఏడాదిగా చంకలో పెట్టుకు తిరుగుతున్న ఆకు తీసి చూపించాడు. తుమ్మలవాగు గుండెలు బద్దలయ్యేలా అరిచింది. అతనికి కళ్ళనీళ్ళు ఆగలేదు. పంతొమ్మిదేళ్ళ తర్వాత కప్పు వచ్చింది. పైగా అది తన వీపు మీదుగా వచ్చింది. సూరిబాబు అయితే ఏకంగా కావలించుకోబోయి, ముళ్ళు చూసి ఆగాడు.

గజరాజు మాత్రం తాపీగా తొండం ఎత్తాడు. "అయ్యా, చిన్న సందేహం. మైదానంలో ఎంతమంది ఆడాలి?"

"పదకొండు మంది."

"ఇతను పన్నెండోవాడు కదా?"

గుడ్లగూబ పుస్తకం తిప్పించాడు. "నిజమే. పదకొండుకి మించితే ఆట పోయినట్టే. పైగా ఆ జట్టు మూడేళ్ళు ఆడకూడదు. ధనుంజయరావు గారూ, ఇలాంటి పన్నెండోవాళ్ళు మీకెంతమంది ఉన్నారు?"

ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఎవరికీ అర్థం కాలేదు. ఉత్సాహంలో ఉన్న తుమ్మలవాగు జంతువులన్నీ పట్టాలు పైకెత్తి "నేనున్నా! నేనున్నా!" అని అరిచాయి. కంచె చుట్టూ టేకాకుల తోట లేచింది.

ధనుంజయరావు గారి మొహం మాడిపోయింది. కప్పు ఎలాగూ పోయింది. మూడేళ్ళు జట్టుని ఖాళీగా కూర్చోబెట్టి మేపడం ఎలా?

"అబ్బే, అదంతా మాటవరసకండీ!" అన్నారు. "సరదాకి పంచిన ఆకులు. మా జట్టు వేరు, వీళ్ళు వేరు. మా జట్టులో మావాళ్ళు పదకొండు మందే."

గమనించారా? గుడ్లగూబ చేతిలో పుస్తకం ఒక పేజీ తిరిగేలోపల 'మన' కాస్తా 'మా' అయిపోయింది. తెలుగులో ఆ రెంటికీ మధ్య ఒక కంచె ఉంది. నీళ్ళ వంతులు అడిగేటప్పుడు అందరూ దానికి లోపలే ఉంటారు.

"మరి ఈ ముళ్ళపంది?" అన్నాడు గుడ్లగూబ.

"ఎవరో. దారినపోయేవాడు."

"రాసివ్వండి."

ఆయన అక్కడే రాసిచ్చారు: "మా జట్టుకూ, ఈ ముళ్ళపందికీ, తుమ్మలవాగు అడవి జంతువులకూ ఎటువంటి సంబంధమూ లేదు." కింద పంజా ముద్ర. ఏకాంబరం ప్రేక్షకుడని తేలింది. కప్పు ఇప్పగుట్టకి పోయింది.

ఇప్పుడు తుమ్మలవాగు ధనుంజయరావు గారి మీద విరుచుకుపడిందని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అది ఏకాంబరం మీద విరుచుకుపడింది.

"వాడు వీపు తిప్పకపోతే గెలిచేవాళ్ళం!" అన్నాడు సూరిబాబు. మొదటి మట్టిగడ్డ విసిరింది కూడా అతనే. గజరాజు దెబ్బకి ఆ బిళ్ళ పక్క అడవిలో పడేదని ఒక్కరూ అనలేదు. చుక్కమ్మ మొగుణ్ణి ఇంటికి నడిపించుకుపోయి, ముళ్ళ మధ్య నుంచి బిళ్ళ పీకి, గాయానికి పసుపు పెట్టింది. వారం రోజులపాటు ఎవరూ అతనితో మాట్లాడలేదు. వాళ్ళ మాటలు పోయినందుకు అతనికి బాధ లేదు. "దారినపోయేవాడు" అన్న ఒక్క మాట మాత్రం లోపల దిగబడిపోయింది. దాన్ని పీకడం చుక్కమ్మ వల్ల కాలేదు.

ఎనిమిదో రోజున గుడ్లగూబ నుంచి ధనుంజయరావు గారికి తాఖీదు వచ్చింది. "నియమం ఒకటి: ప్రతి జట్టుకూ సొంత అడవి ఉండవలెను. తుమ్మలవాగుతో సంబంధము లేదని తమరే రాసిచ్చియున్నారు. కావున తమ జట్టు ఏ అడవిదో పది రోజులలో తెలుపని యెడల జట్టు రద్దగును."

ధనుంజయరావు గారు తొమ్మిది రోజులు అడవులన్నీ తిరిగారు. ఇరవై ఏళ్ళుగా ఓడుతున్న జట్టుని ఎవరు తెచ్చుకుంటారు? "మా ఓటములు మాకు చాలు," అన్నారందరూ. ఆయన గుడ్లగూబ కాళ్ళు పట్టుకున్నారు. గుడ్లగూబ ఒక దారి చూపించాడు. తుమ్మలవాగు జంతువులు "ఇది మన జట్టే" అని కాలిముద్రలు వెయ్యాలి. సంబంధం లేదని ముందుగా రాసింది ముళ్ళపంది గురించి కనక, మొదటి ముద్ర ముళ్ళపందిదే కావాలి.

పదో రోజు పొద్దున్న ధనుంజయరావు గారు ఏకాంబరం బొరియ ముందుకొచ్చి వంగి నిలబడ్డారు. వెనకాల అడవి మొత్తం వచ్చింది.

"ఏకాంబరం గారూ," అన్నారు. గారూ! "ఆ రోజు మాట జారింది. మనలో మనకి పట్టింపులేమిటి? ఒక్క ముద్ర."

చుక్కమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏవయ్యా, నలుగురిలో నిన్ను దారినపోయేవాడన్నాడు. ఏడాదిపాటు నీళ్ళు మోసి మోసి నా నడుం విరిగింది. వీళ్ళు మట్టిగడ్డలేశారు. ఇప్పుడు అభిమానం చంపుకుని ముద్రేస్తావా?"

అడవంతా ఊపిరి బిగబట్టింది. ధనుంజయరావు గారి మెడ ఏకాంబరం కాలి కింద ఉంది. ముద్ర వెయ్యకపోతే ఆయన పథకాలకి, ఆకులకి, ఉపన్యాసాలకి అదే ఆఖరు. పొద్దుటి నీళ్ళ వంతు తిరిగి పిల్లలదే. ఒక్క "లేదు" చాలు. చెప్పొద్దూ, కథ చెబుతున్న నాకే "అనరా, ఆ ఒక్కమాట అనరా" అని అరవాలనిపించింది.

ఏకాంబరం తలెత్తి, ఎర్రబడ్డ కళ్ళతో ధనుంజయరావు గారిని సూటిగా చూశాడు.

"ఒక్క షరతు," అన్నాడు.

"అడగండి! ఏదైనా సరే!"

"ఆ ఒంటెని కెప్టెన్సీ నుంచి తీసెయ్యండి. చివర్లో బొత్తిగా ఫీల్డింగ్ పెట్టడం రాదు."

"తీసేశాననే అనుకోండి!"

ఏకాంబరం మసిలో కాలు ముంచి ముద్ర వేశాడు. వెనకే సూరిబాబు, ఆ వెనక అడవి. "ఈసారి కప్పు మనదే" అని అరుచుకుంటూ అందరూ మైదానం వైపు సాగారు, నీళ్ళ వంతులు రాసివ్వడానికి.

చుక్కమ్మ కుండ చంకనెత్తుకుంది. "నీకు అభిమానమనేదే లేదయ్యా!" అంది.

ఏకాంబరానికి నిజంగా మనసు నొచ్చుకుంది. "ఎంత మాటన్నావే! నాకు లేకపోవడమేంటి? ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది!"

ఇందులో నీతి కావాలనేవాళ్ళకి ఒక్క ముక్క: అభిమానం ఉన్నవాడికి అభిమానం ఉండదు.