పెలూసా జుట్టు మొక్కు

మొక్కుకున్నది భార్య. దువ్వాల్సింది భర్త. మధ్యలో కరిచేది పెలూసా.

మే నెలలో ఎవెలియోకి కిడ్నీలో రాయి కదిలింది. ఆసుపత్రి మంచం మీద ఆయన మెలికలు తిరిగిపోతుంటే, భార్య నెరేయ్దా వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని సాధువు సాన్ లాసరోకి మొక్కుకుంది. రాయి పడిపోతే డిసెంబరు పదిహేడున, పండగనాడు, ఇంట్లో కుక్కని కత్తెర తగలని జుట్టుతో ఆయన సన్నిధికి నడిపించుకొస్తానంది. కుక్కలంటే ప్రాణమిచ్చే సాధువు కదా, మర్నాడే రాయి పడిపోయింది.

పెలూసా హవానా జాతి కుక్క. జుట్టుతో చూస్తే పిల్లి కంటే కాస్త పెద్దది, జుట్టు తీసేస్తే పిల్లి కంటే చిన్నది. ఆ జుట్టు ఒక్కరోజు దువ్వకపోయినా చెవుల వెనక, కాళ్ళ సందుల్లో ఉండలు కడుతుంది. ఎవెలియో చూస్తే, ఒక్క వెంట్రుక మొలిచినా దురదని ఆదివారం కూడా గడ్డం గీసుకునే మనిషి. అలాంటివాడి నెత్తిన దేవుడు ఇంత జుట్టు పెట్టాడు.

పొద్దున కాఫీ అవగానే బ్రష్షున్న సొరుగు తెరిచేవాడు. ఆ చప్పుడుకే పెలూసా నీళ్ళ పీపా వెనక దూరేది. ఆయన నేల మీద బోర్లా పడుకుని దాన్ని బయటికి లాగేవాడు. అది కాసేపు బ్రష్షుని కరిచేది, కాసేపు బ్రష్షు పట్టుకున్న చేతిని కరిచేది. ఆగస్టు వచ్చేసరికి ఎవెలియోకి కాఫీ వాసనంటేనే నీరసం వచ్చేసింది.

“మొక్కుకున్నది నువ్వే కదా, నువ్వు దువ్వొచ్చుగా?” అన్నాడో రోజు.

“రాయి ఎవరిది?”

“నాదే.”

“మరి?”

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఈ “మరి” విన్నప్పుడల్లా ఆయన చెప్పిన పనికి లేచాడు. ఇప్పుడూ లేచి బ్రష్షు అందుకున్నాడు.

ఆ వారమే భోజనాల దగ్గర నల్ల బీన్సు వడ్డిస్తూ నెరేయ్దా అంది, “మంగలి ఉలీసెస్ కొత్త మిషను కొన్నాడట. పెట్టడమే తరువాయి, జుట్టు దూదిలా రాలిపోతోందట. అన్నట్టు శనివారం నేను రేషన్ చికెన్ క్యూకి పోతున్నా. సాయంత్రం దాకా రాను.”

ఎవెలియో ఏమీ విననట్టు బీన్సు నమిలాడు. పొట్ట కింద మాత్రం తీయిస్తే ఎవరికి తెలుస్తుంది? సాధువు వంగి చూడడు కదా. భయం లేకపోలేదు. ఆ నొప్పి తలుచుకుంటే ఇప్పటికీ నడుము జివ్వుమంటుంది. కానీ ఇంకో నాలుగు నెలలు పీపా వెనక పాకడం తలుచుకుంటే ఒళ్ళంతా నొప్పే.

ఎవెలియో పిలిస్తే శనివారం ఉలీసెస్ వచ్చాడు. “అన్నా, ఇది కరుస్తుందా?”

“నన్నొక్కడినే.”

మిషను పెట్టగానే పెలూసా కళ్ళు మూసుకుని కాళ్ళు చాపేసింది. మూడు నెలల తర్వాత పొట్టకి గాలి తగిలింది పాపం. దాని మర్యాద చూసి ఉలీసెస్‌కి హుషారెక్కింది. పొట్ట అయిపోయింది, కుడి పక్క మొదలైంది, వెన్ను దాకా పాకింది.

“కింద మాత్రమే అన్నాను కదరా.”

“వరస కలవాలి కదన్నా.”

అంతలో కరెంటు పోయింది.

ఉలీసెస్ మిషనుని రెండుసార్లు దులిపి సంచిలో పెట్టుకున్నాడు. “వచ్చాక మిగతాది చేస్తాలే. నిన్న ఆరు గంటలు తీశాడు.”

“కత్తెర లేదా?”

“మిషను కొన్నాక మా బావమరిదికి ఇచ్చేశా.”

ఎడమ నుంచి చూస్తే మహారాణి ఒడిలో కుక్క. కుడి నుంచి చూస్తే తోలు ఒలిచిన కుందేలు. కరెంటు పోతే కాటా పనిచేయదనీ, తూకం లేకపోతే చికెన్ దుకాణం మూసేస్తారనీ ఎవెలియోకి వీధి తలుపు చప్పుడయ్యాక గాని తట్టలేదు. గొరిగిన పక్కని గుండెకి అదుముకుని ఊగే కుర్చీలో కూలబడ్డాడు.

నెరేయ్దా ఖాళీ సంచి కొక్కేనికి తగిలించి చూసింది. “ఏంటి, కుక్క మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది?”

“ఉక్కగా ఉంది కదా. పాపం.”

“ఉక్కకి గుండెకి హత్తుకుంటారా?”

“దానికిష్టం.”

“కాఫీ తాగుతావా?”

“చేతులు ఖాళీ లేవు.”

ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని తీరిగ్గా విసురుకుంటూ ఆయన్నే చూసింది. గంట గడిచింది. ఎవెలియో చొక్కా తడిసి ముద్దయింది, చేతులు తిమ్మిరెక్కాయి. అప్పుడామె లేచి, “అలిసిపోయినట్టున్నావు, ఇవాళ నేను దువ్వుతాలే,” అంటూ సొరుగు తెరిచింది.

ఆ చప్పుడు చాలు. పెలూసా ఆయన గుండెల మీద నుంచి దూకి, కుడి పక్కంతా ఆమెకి చూపిస్తూ పీపా వెనక్కి పోయింది.

నెరేయ్దా బ్రష్షుని మళ్ళీ సొరుగులో పెట్టి మూసింది.

“కింద మాత్రమే అన్నాను వాడితో,” అన్నాడు.

“ఆరోజు నువ్వు పోతావనుకున్నా,” అంది ఆమె మెల్లగా. “ఏదో ఒకటి ఇవ్వాలి కదా. ఇంట్లో అందమైనది ఆ జుట్టొక్కటే కనిపించింది.”

ఎవెలియో కుర్చీలోంచి లేచాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఏం చేయమన్నా చేస్తా.”

“మొక్కు ఇంటిది. జుట్టు ఎవరిదైనా జుట్టే. డిసెంబరు పదిహేడు దాకా నీ గడ్డానికి కత్తి తగలకూడదు.”

ఆయన మాటిచ్చేశాడు.

మర్నాడు కరెంటు వచ్చాక ఉలీసెస్ మిగతా సగం గొరుగుతూ నోరు జారాడు. “నెరేయ్దా వదిన నెల కిందటే చెప్పిందన్నా. ఎండకి కుక్క చచ్చిపోయేలా ఉంది, మొక్కిన చేత్తో నేను తీయించకూడదు, మా ఆయన పిలిస్తే కాదనకు అని. గడ్డం సంగతి సాధువుకి అప్పుడే విన్నవించుకుందట.”

అక్టోబరు కల్లా ఎవెలియో గడ్డం గుబురుగా పెరిగి ఉండలు కట్టింది. చిక్కు గడ్డంతో వస్తే సాధువు ముందు పరువు పోతుందని నెరేయ్దా పట్టుబట్టింది. పొద్దున కాఫీ అవగానే సొరుగు చప్పుడు వినబడింది. ఎవెలియో గబగబా వెళ్ళి పీపా వెనక చూశాడు. ఆ సందు ఆయనకి సరిపోలేదు. ఊగే కుర్చీలో నున్నగా, చల్లగా పడుకున్న పెలూసా ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.