వెర్లిన్ హాగ్‌స్టాడ్ గారి నేలపై సంఘం వారి పరిశీలన

ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమనగా, మినెసోటా రాష్ట్రంలోని మా తోర్‌బీ పట్నపు లూథరన్ చర్చి హాలు చెక్కనేలను గీకి కొత్త వార్నిష్ వేసే బాధ్యతను, స్కూలు బస్సు నడిపి రిటైరైన శ్రీ వెర్లిన్ హాగ్‌స్టాడ్ గారికి అప్పగించే ముందు, ఆయన తన సొంత ఇంట్లో చేసుకున్న పనిని సంఘం వారు పరిశీలించారు. పరిశీలన అత్యంత విజయవంతంగా ముగిసింది. వివరాలు కింద మనవి చేస్తున్నాం.

నిజానికి ఈ బాధ్యతను ఎవరూ ఆయన నెత్తిన పెట్టలేదు. సెప్టెంబరు సమావేశంలో హాలు నేల మాట వచ్చినప్పుడు కాఫీ కాస్త ఎక్కువై, "మా ఇంటి నేల నేనే చేసుకుంటున్నాను, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నారు. మా పట్నంలో మనిషి తన గురించి తాను మంచిమాట చెప్పుకోవడం పాతికేళ్ళకొకసారి జరుగుతుంది. అందుకని అందరూ నమ్మేశారు. హాల్లోని మేపుల్ చెక్క పలకలను వెర్లిన్ తాతగారే దగ్గరుండి కొట్టించారు. తొంభై ఏళ్ళుగా అరిగి అరిగి, అవి ఇక ఒక్క గీకుడుకు మాత్రమే తట్టుకుంటాయి. అది కూడా పాడైతే మేకుల తలలు బయటపడతాయి. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. తెలిసే నోరు జారారు.

ఇంట్లో పని అక్టోబరులో మొదలైంది. మొదటి పూతకు ముందు డబ్బాను దగ్గుమందు సీసాలా బాగా కుదిపారు. కుదపవద్దు, పుల్లతో నెమ్మదిగా కలపండి అని డబ్బా మీదే రాసి ఉంది. డబ్బా మీద రాసింది చదివేవాళ్ళు పని రానివాళ్ళని ఆయన నమ్మకం. నేలంతా బుడగలు లేచాయి. బుడగలు పోవడానికి గరుకు కాగితంతో రుద్దారు. రుద్దిన పొడిలో సగం తుడిచి, చలేస్తోందని హీటరు పెట్టారు. ఆ గాలికి మిగతా సగం లేచి రెండో పూత మీద బొంబాయి రవ్వలా వాలింది. రవ్వను గీకితే గీతలు పడ్డాయి. గీతలు కనబడకుండా మూడో పూతను రెండింతల మందాన పోశారు. కిందిది ఆరిందో లేదో చూసే ఓపిక అప్పటికి ఆయనకు లేదు. కిందిదీ ఆరక, పైదీ ఆరక, నవంబరు చలికి నేల పాకంలా ఉండిపోయింది. ఇలాంటప్పుడు చేయవలసింది ఒకటే: గది వెచ్చగా ఉంచి, గాలి ఆడనిచ్చి, వారాల తరబడి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ప్రపంచంలో వెర్లిన్‌కు చేతకాని పని అదొక్కటేనని ఆయన అంతకుముందు అనుకునేవారు. ఇప్పుడు జాబితా కొంచెం పెరిగింది.

ఆయన భార్య ఆర్డిస్ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

"వేరే రకంగా ఉంది, వెర్లిన్."

మా వైపు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"అంత ఘోరంగానా?"

"నేనేం అన్లేదుగా! వేరే రకంగా ఉందన్నానంతే."

ఆ రోజు నుంచి ఆవిడ పెరటి తలుపు గుండా తిరగడం మొదలుపెట్టారు.

వెర్లిన్‌కు నిజంగానే భయం పట్టుకుంది. తన ఇల్లు పోతే పోయింది. తాత కొట్టించిన నేలను నాశనం చేసిన మనవడిగా ఆ చర్చిలో ఎలా తలెత్తుకోవడం? చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఒక్కరైనా ఛీ అంటే బతికిపోతానని ఆశ పెట్టుకున్నారు.

శనివారం మధ్యాహ్నం పాస్టరమ్మ ఇంగ్రిడ్ తోలెఫ్సన్ వెంట అయిదుగురు సభ్యులు వచ్చారు. ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా బూట్లు గుమ్మం దగ్గర విప్పాల్సిందే. ఆరుగురూ విప్పి, ఉన్ని మేజోళ్ళతో లోపలికి నడిచి, నాలుగో అడుగు దగ్గర ఆగిపోయారు. ఆగుదామని ఎవరూ అనుకోలేదు, నేలే వదలలేదు.

వదలడం లేదని చెబితే ఇంటివారిని అవమానించినట్టు. అందుచేత ఎక్కడివాళ్ళక్కడే నిలబడి ముప్పావుగంట వాతావరణం గురించి మాట్లాడారు. ఆర్డిస్ వంటింటి గుమ్మంలోంచి అందించిన నిమ్మ కేకు పళ్ళెం చాచిన చేతుల మీదుగా అందరినీ చుట్టి వచ్చింది. చివరి ముక్క తినడం మర్యాద కాదు కనుక దాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, చీమకు సరిపడా మిగిల్చారు.

అప్పుడు సంఘాధ్యక్షుడు డెల్మార్ స్కోగెన్ గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, నేను చాలా నేలలు చూశాను. అద్దంలా మెరిసేవి చూశాను. కిందటేడు మా ఆవిడ అలాంటి దానిమీదే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ నేల మీద జారమనండి చూద్దాం! ఎవరి తరమూ కాదు. ముసలివాళ్ళు ఎక్కువున్న మన చర్చికి ఇంతకంటే ఏం కావాలి?"

వెర్లిన్ ఇక తట్టుకోలేకపోయారు.

"డెల్మార్, నీకు దణ్ణం పెడతాను, ఆపవయ్యా! ఇది నేల కాదు, జిగురు. ఆ బుడగలు చూడు, ఆ గీతలు చూడు. నాకీ పని రాదు. మా తాత నేల నా చేతికివ్వకండి, చెడగొడతాను!"

పాస్టరమ్మ కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత అణకువ వెర్లిన్ మీది!"

"పనొచ్చినోళ్ళు ఇలాగే అంటారండీ," అన్నారు డెల్మార్.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మేజోళ్ళను నేలకే వదిలి, ఉత్తి పాదాలకు బూట్లు తొడుక్కుని, గుమ్మం దగ్గర మామూలుగా జరిగే అరగంట వీడ్కోలు ఏ లోటూ లేకుండా జరుపుకుని వెళ్ళారు.

ఆ వారంలో పాస్టరమ్మ తలుపు సందులోంచి సంతకం లేని ఉత్తరాలు ఆరు పడ్డాయి. అన్నిటిలోనూ ఒకటే విన్నపం: దయచేసి హాలు నేలను వెర్లిన్ చేతికివ్వకండి. వాటిలో ఒకదాని మీద వార్నిష్ వేలిముద్ర ఉంది. ఆవిడ ఆరూ శ్రద్ధగా చదివి, బయటపెడితే రాసినవాళ్ళు నొచ్చుకుంటారని దాచేశారు. మరుసటి ఆదివారం ప్రార్థన ముగిశాక, ఈ విషయంలో సంఘమంతా చూపిస్తున్న శ్రద్ధకు ధన్యవాదాలు చెప్పి, పని రేపే మొదలని ప్రకటించారు.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి వెర్లిన్ గీకుడు యంత్రాన్ని చర్చి మెట్ల మీదికి లాగుతూ, మెట్టు మెట్టుకీ ఆగి, ఎవరైనా వద్దంటారేమోనని వెనక్కి చూశారు. వీధికి రెండువైపులా కిటికీల దగ్గర మేమందరం ఉన్నాం. ఆయన చూసినప్పుడల్లా నవ్వుతూ చెయ్యి ఊపాం.