ఉరుము డాక్టరుగారి మెత్తని మాటలు

వైద్యానికి కావలసినవన్నీ మా ఆసుపత్రిలో ఇప్పుడు ఫోన్లలోనే ఉన్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మందు మోతాదు చెప్పే యాప్ ఉంది. రెండు మందులు కడుపులో పోట్లాడుకుంటాయో లేదో చెప్పే యాప్ ఉంది. వైద్య విద్యార్థులు ఎముకలన్నిటినీ వేలితో తిప్పి చూసుకునే యాప్ కూడా ఉంది. దాని పుణ్యమా అని మా విద్యార్థులకు ఒంట్లోని ఎముకల పేర్లన్నీ కంఠతా వచ్చు, మోకాలు ఎక్కడుందో మాత్రం ఛార్జింగు ఉన్నప్పుడే చెప్పగలరు. ఇన్ని ఉన్నా ఒక్క లోటు మిగిలిపోయింది. కరుణ. దాన్ని ఈ ఏడాది టెండరు పిలిచి పూడ్చాం.

ఆ యాప్ పేరు ‘సాంత్వన’. డాక్టరు ఫోన్‌ను బల్లమీద పెట్టి రోగితో మాట్లాడుతుంటే అది చెవి ఒగ్గి వింటుంది, కరుణకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మార్కులు పడిపోతే ఎర్రదీపం వెలిగించి, అప్పటికప్పుడు అనవలసిన మాటను తెరమీద చూపిస్తుంది. చదివితే చాలు, జాలిపడనక్కరలేదు.

మొదటి వారం చర్మ వైద్యుడికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఆయన ఒక రోగి గోడు ఎంత శ్రద్ధగా విన్నారంటే దద్దుర్లు చూడటం మరిచిపోయారు. రోగి కూడా ఆ తీయని మాటల మత్తులో చూపించడం మరిచిపోయి, బస్సెక్కాక గోక్కుంటుంటే గుర్తుకు తెచ్చుకున్నాడు. అట్టడుగున షుగరు వైద్యుడు నిలిచారు, నాలుగు మార్కులతో. ఆ నాలుగూ ఆయన దగ్గినప్పుడు వచ్చినవే. యాప్ దాన్ని వెక్కి ఏడవడం అనుకుంది.

ఈయన్ని రోగులు ‘ఉరుము డాక్టరు’ అంటారు. ఆయన గదికి తలుపు వేసినా ఒకటే, తీసినా ఒకటే. “షుగరు ఆకాశంలో పెట్టుకుని కేకు తింటావురా? ఇంకో ముక్క తిను, నీ కాలు కోసి నీ చేతికే ఇస్తా!” అన్నది ఆయన పలకరింపు. రోగులు తలవంచుకుని వినేవారు. బయటికొచ్చి బెంచీమీద కూర్చున్నవాళ్లతో, “పోయిన నెల అడ్డగాడిద అన్నారు. ఇవాళ ఉత్త గాడిదే. తగ్గుముఖం పట్టినట్టుంది” అని సంతోషంగా చెప్పుకునేవారు. ఇంటికెళ్లి వేళకు మాత్రలు మింగేవారు.

ఇంతటి అనాగరికతను సూపరింటెండెంటుగారు సహించలేకపోయారు. సభ పెట్టి, “వైద్యమిత్రులారా! చిరునవ్వును మించిన ఔషధం లేదు. దానికి దుష్ఫలితాలు లేవు, గడువు తేదీ లేదు, ఫ్రిజ్‌లో పెట్టే పనిలేదు!” అని ప్రసంగించారు. నెలాఖరుకు అరవై మార్కులు రాకపోతే షుగరు వైద్యుడి గది చర్మ వైద్యుడికి ఇచ్చేస్తామని కూడా, అదే చిరునవ్వుతో ప్రకటించారు.

ఉరుము డాక్టరుకు వైద్యం తప్ప మరో పని చేతకాదు. పంటిబిగువున సాధన మొదలుపెట్టారు. కరుణ పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకున్న చివరి సంవత్సరం విద్యార్థినిని ఆయనకు శిక్షకురాలిగా నియమించాం. “సార్, ‘నోరు మూసుకో’ అనాలనిపించినప్పుడల్లా ‘ఇంకా చెప్పండి’ అనండి” అని ఆ అమ్మాయి నేర్పింది. ఆ సాయంత్రం ఇంట్లో భార్య, “గ్యాస్ అయిపోయిందండీ” అంటే ఆయన, “ఈ విషయం నాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు. మీ బాధ నాకు అర్థమవుతోంది” అన్నారు. ఆవిడ నుదుటిమీద చెయ్యి వేసి చూసి, వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

మర్నాడు దర్జీ వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. అతను ఉరుము డాక్టరు దగ్గర ఏళ్ల తరబడి తిట్లు తిని బాగుపడినవాడు. ఆ రోజు రిపోర్టు కూడా బాగానే ఉంది.

“రండి, కూర్చోండి. ఎలా ఉన్నారు?” అన్నారు డాక్టరుగారు తెరవంక చూస్తూ.

దర్జీ కూర్చోలేదు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు. “నన్ను... ‘మీరు’ అంటున్నారేంటి బాబూ?”

“కంగారు పడకండి. మీకు మేమున్నాం.”

దర్జీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “దాచకండి బాబూ. ఇంకెంతకాలం?”

“అబ్బే, ఏం లేదమ్మా! అంతా బాగుంది.”

“విన్నావా, నన్ను ‘అమ్మా’ అన్నారు!” అని దర్జీ వైపు తిరిగి ఆవిడ బావురుమంది.

“ఒరే వె...” అని డాక్టరుగారు నోరు తెరిచారు. ఎర్రదీపం వెలిగింది. గుటక వేసి తెరమీది మాట చదివారు: “ఈ కష్టకాలంలో మీరు ఒంటరివారు కారు.”

ఎనభై ఆరు మార్కులు. మేము మిఠాయిలు పంచాం.

దర్జీ ఇంటికెళ్లి కుట్టుమిషను బావమరిదికి అప్పగించాడు. పొరుగువాడితో పాత తగాదా పరిష్కరించుకున్నాడు. పోయేవాడికి పథ్యమేమిటని మాత్రలు చెత్తబుట్టలో పారేసి, ఇన్నేళ్లూ నోరు కట్టుకుని మానేసిన తీపి తినుబండారాలన్నీ వరసపెట్టి తిన్నాడు. అదే వారంలో ఒక లారీ డ్రైవరు, ఒక లెక్కల టీచరు కూడా డాక్టరుగారి మర్యాదకు హడలిపోయి వీలునామాలు రాసుకున్నారు. ఊళ్లో ఏదో మందులేని రోగం వచ్చిందన్న పుకారు పుట్టింది. మా మార్కులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

చివరికి దర్జీని స్ట్రెచర్ మీద తెచ్చారు. ఒంటిమీద స్పృహ లేదు, షుగరు యంత్రానికి అంకె దొరకలేదు. విద్యార్థిని ఫోన్ తీసి, “ఈ క్షణం మీకెంత కష్టంగా ఉందో ఊహించగలను” అని అతనికి చదివి వినిపించింది. రోగి అభ్యంతరం చెప్పలేదు కాబట్టి యాప్ తొంభై వేసింది. ఉరుము డాక్టరు వచ్చి ఆ ఫోన్ లాక్కుని పక్కన పడేసి, సూది అందుకున్నారు. ఆ పగలూ రాత్రీ మంచం దగ్గరే ఉన్నారు. ఆయన చేతులు వణకడం ఆ అమ్మాయి ఒక్కతే చూసింది.

తెల్లారి దర్జీ కళ్లు తెరిచాడు.

“ఏరా దున్నపోతా! మాత్రలు పారేస్తావా? నిన్ను బతికించింది మళ్లీ చంపడానికేరా! లే, నీ పని చెప్తా!”

వార్డు కిటికీలు అదిరాయి. దర్జీ భార్య రెండు చేతులూ జోడించి ఏడుస్తూ నవ్వింది. “బతికాడు! బాబుగారు తిట్టారు!” అని వరండాలోకి పరిగెత్తింది. పక్క మంచాలవాళ్లు కూడా లేచి కూర్చుని, “మమ్మల్ని కూడా ఒకమాట అనండి బాబూ” అని వేడుకున్నారు. యాప్ సున్నా వేసి, పోలీసులకు ఫోన్ చేయమంటారా అని అడిగింది.

ప్రజాభిప్రాయానికి మేమెప్పుడూ తలవంచుతాం. సూపరింటెండెంటుగారు మళ్లీ సభ పెట్టి, “తిట్టును మించిన ఔషధం లేదు!” అని సెలవిచ్చారు. ‘దృఢ సంప్రదింపు’ అనే సేవ ప్రారంభించి, అదనపు రుసుము పెట్టాం. యాప్‌ను కూడా తిరగరాయించాం. ఇప్పుడు డాక్టరుగారి గొంతు తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది, తెరమీద తిట్టు కనబడుతుంది. క్యూ గేటు దాటింది. “నాకు రెండే పడ్డాయి, నా ముందువాడికి అయిదు పడ్డాయి” అన్న ఫిర్యాదులు తప్ప వేరే ఇబ్బంది లేదు.

మొన్న దర్జీ మామూలుగా చూపించుకోవడానికి వచ్చాడు. దృఢ సంప్రదింపుకే రుసుము కట్టాడు. ఉరుము డాక్టరు అలసిపోయి ఉన్నారు. ఫోన్‌ను సొరుగులో పెట్టి, సొరుగు మూశారు.

“ఆ రోజు నువ్వు పోతావనుకున్నానురా. నా చేతులు వణికాయి” అన్నారు మెల్లగా. “నువ్వు పోతే నాకు బాధగా ఉంటుంది. మాత్రలు వేసుకో.”

యాప్‌ను తిరగరాయించాక మా ఆసుపత్రిలో తెర చూసి చదవకుండా అన్న మాటలు, మాకు తెలిసినంతవరకు, అవే. వాటికి మార్కులు పడలేదు.

దర్జీ అంతా విని, లేచి, తిన్నగా కౌంటరు దగ్గరికి వచ్చి డబ్బు వాపసు ఇమ్మన్నాడు. ఏమైందని అడిగాం.

“ఒక్క తిట్టు తిట్టలేదండీ. ఏవో మామూలు మాటలు చెప్పి పంపేశారు” అన్నాడు.

న్యాయమైన కోరికే కాబట్టి తిరిగి ఇచ్చేశాం. మీరైనా అడిగేవారే.