పరీక్షా నావికుడి బిళ్ళ

మైపాడు తీరాన వేదికెక్కి, తీర వినూత్న శాఖ మంత్రి పెంచలప్రసాద్ గారు చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు. ఒకప్పటి సోవియట్ దేశంలో కొత్త విమానాలను మొదట ఎగరేసి చూసే టెస్ట్ పైలట్లకు బిరుదిచ్చి, వెండి బిళ్ళ తగిలించేవారట.

"వాళ్ళకు ఆకాశం ఉంటే మనకు సముద్రం లేదా? నేనూ ఈ ఇసకలో పుట్టిన చేపల వేటగాడి కొడుకునే!" అన్నారు.

కనుక కొత్త ఫైబర్ పడవను మొదట నడిపినవాడికి 'విశిష్ట పరీక్షా నావికుడు' బిరుదు. పరీక్ష నెగ్గితే ఊరికి నలభై పడవలు.

ఆ మొదటివాడు కామాక్షయ్య. ముప్పై ఏళ్ళుగా వేటకు వెళ్ళి తిరిగొస్తున్న మనిషి. నలభైలో ఒక పడవ అతని అల్లుడు శివకు రాసిపెట్టి ఉంది. అందుకే బిళ్ళ సంగతి పక్కన పెట్టి, ఊరి పద్ధతి ప్రకారం పడవ లోపల అడుగుభాగాన పిడికెడు పొడి బూడిద చల్లి అలలు దాటాడు. బూడిద పొడిగా తిరిగొస్తే మంచి పడవ. తడిస్తే దాన్ని ఎవరూ ఎక్కరు.

అరగంటలో తిరిగొచ్చాడు. బూడిద ముద్దై కాళ్ళకు అంటుకుంది.

"కారతా ఉండాది సార్," అన్నాడు ప్రత్యేకాధికారి కిషోర్ బాబుతో. "ఇంజన్ బిగించిన కాడ అతుకు ఊడిపోయినాది."

"తిరిగొచ్చావా, లేదా?"

"వచ్చినాను."

"దాన్నే సక్సెస్ అంటారు."

"నీళ్ళు తోడుకుంటా వచ్చినాను సార్!"

"రిపోర్ట్ మొన్ననే ప్రింటయింది. అందులో తోడే కాలమ్ లేదు."

కిషోర్ బాబు గారి చురుకుదనం చూసి తీరాలి. మంత్రిగారి తెల్ల చెప్పులకు అంటుతుందని బూడిదంతా ఊడ్పించి, ఫినాయిల్‌తో కడిగించారు.

కామాక్షయ్యకు ఒళ్ళు మండింది. "నా బిడ్డ మొగుడు ఎక్కేది ఇట్టాంటి పడవే సార్. మీ బిళ్ళ నాకొద్దు, రిపోర్టు మీద సంతకం పెట్టేది లేదు," అని ఒడ్డునున్న తన పాత పడవ పక్కన ఇసకలో చతికిలబడ్డాడు.

దానికేం, దేశంలో సాహసులు కరువయ్యారా? మంత్రిగారే లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డున ఇసక మీదున్న పడవలో నాలుగు నిమిషాల పాటు చలించకుండా కూర్చున్నారు. బిళ్ళ ఆయన గుండెల మీదికే చేరింది. దాని మీద విమానం బొమ్మ ఉంది. ఆన్‌లైన్‌లో దొరికింది అదే మరి.

పడవలు రాసిచ్చిన నలభై మందీ ఒడ్డున వరుసగా నిలిపిన కొత్త పడవలెక్కారు. శివ మామ వైపు చూడకుండా ఎక్కాడు. ఇక మంత్రిగారు ముందుండి అందరినీ సముద్రంలోకి నడిపించాలి. డప్పులు మోగాయి.

మంత్రిగారు పరీక్ష నెగ్గిన పడవ దాకా నడిచి, ఆగారు. వెనక్కి వచ్చి కామాక్షయ్య పక్కన వంగారు.

"అన్నా, నీ పాత పడవలో బూడిద పొడిగా ఉండాదా?"

"పొడిగానే ఉండాది సార్." కామాక్షయ్య లేచి ఇసక దులుపుకున్నాడు. "కానీ ఇంకొకరికే చోటు. శివా! దిగొచ్చి ఇందులో ఎక్కు!"

శివ కొత్త పడవలోంచి దూకేశాడు. తక్కిన ముప్పై తొమ్మిది మందీ, మంత్రిగారు ఏ పడవ ఎక్కుతారా అని చూస్తూ నిలబడ్డారు.